ఇల్లు ఖాళీ చేస్తున్నాం

భార్య స్కూటర్ వీధి మలుపు తిరిగేదాకా మాస్టారు కిటికీ పరదా చాటున నిలబడ్డారు. చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయాక, తలుపు గడియ పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. ఇంట్లో ఆయన తప్ప ఇంకెవరూ లేరు. అయినా గొంతు తగ్గించారు.

ఆయన చేయబోయేది ఘోరమేమీ కాదు. ఇంటి ఇంటర్నెట్ కంపెనీ మార్చడం. కాకపోతే పాత కంపెనీలో పనిచేసేది సాక్షాత్తూ ఆయన బావమరిది. కనెక్షన్ దగ్గరుండి పెట్టించిందీ అతనే. "మావాడి కంపెనీ జోలికి వెళ్ళారంటే ఊరుకోను" అని భార్య ముందే చెప్పి ఉంచింది. ఆవిడ పళ్ళ డాక్టరు. అలాంటి మనిషి ఊరుకోనంటే ఎవరికైనా దవడ వణుకుతుంది.

కానీ మాస్టారి కష్టం మాస్టారిది. ఆయన ఇంటినుంచే కంప్యూటర్లో పిల్లలకు లెక్కలు చెబుతారు. సరిగ్గా జవాబు దగ్గరికి వచ్చేసరికి తెరమీద ఆయన మొహం నోరు తెరుచుకుని బిగుసుకుపోయేది. "సార్, మీరు ఆగిపోయారు!" అని పిల్లలు అరిచేవారు. ఆ అరుపు ఆయనకు చేరేలోగా ఆ మొహాన్ని ఫొటో తీసి, కింద నాలుగు ముక్కలు రాసి, స్నేహితులందరికీ పంచేసేవారు.

"పాత కంపెనీ వాళ్ళు ఓ పట్టాన వదలరు. బాగోలేదంటే బతిమాలతారు, వేరే కంపెనీ అంటే గంటసేపు ఆరా తీస్తారు. ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పు. మారు మాట్లాడరు" అని ఓ తోటి మాస్టారు కిటుకు చెప్పాడు.

నిజంగానే మారు మాట్లాడలేదు. "ఇల్లు ఖాళీ చేస్తున్నాం" అన్నారు మాస్టారు. "కొత్త ఇంట్లో మీకంతా మంచి జరగాలి సార్" అంది అవతలి అమ్మాయి. కాసేపటికే రౌటర్ మీద పచ్చదీపం ఆరిపోయింది. కొత్త కంపెనీ టెక్నీషియన్ మధ్యాహ్నంలోపు వస్తానన్నాడు. భార్య వచ్చేసరికి పాత డబ్బా ఉన్నచోట కొత్త డబ్బా ఉంటుంది. ఆవిడకి ఏ డబ్బా అయినా ఒకటే. మాస్టారు ఈల వేసుకుంటూ టీ పెట్టుకున్నారు.

కనెక్షన్ ఎవరి ఫోన్ నంబరు మీద ఉందో మాత్రం ఆయనకు గుర్తు రాలేదు. టీ చల్లారకముందే గుర్తుచేసే ఫోన్ వచ్చింది.

"బావా! ఇల్లు ఖాళీ చేస్తున్నారా? నాకు మెసేజ్ వచ్చింది. ఒక్క మాటైనా చెప్పరా?"

నిజం చెబితే ఇతను నొచ్చుకుంటాడు. ఇతను నొచ్చుకుంటే అక్కకి తెలుస్తుంది. "అదీ... మీ అక్కకి కూడా తెలీదు. సర్‌ప్రైజ్!" అనేశారు మాస్టారు.

"అక్కకి కూడా తెలీదా? అంటే... సొంత ఇల్లు కొన్నావా బావా! ఉండు, అమ్మని తీసుకొచ్చేస్తున్నా!"

కాదనడానికి మాస్టారు నోరు తెరిచారు. ఆ నోరు అలాగే ఉండిపోయింది. ఈసారి తప్పు ఇంటర్నెట్‌ది కాదు. బావమరిది అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

తల్లినే కాదు, చిన్న ట్రక్కును కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"ఎంత గుట్టు అల్లుడుగారూ! మా అమ్మాయి పెట్టి పుట్టింది" అంటూ అత్తగారు కళ్ళొత్తుకున్నారు. "ఇంతకీ బాల్కనీ ఉందా? మొక్కలు లేకపోతే అది బతకదు."

"ఉంది... ఉండే ఉంటుంది."

"ఉండే ఉంటుందేమిటి, చూడకుండానే కొన్నారా?" అని నవ్వేసి, ఆవిడ పాత పేపర్లు పరిచి కనిపించినవన్నీ చుట్టబెట్టడం మొదలుపెట్టారు. బావమరిది బాల్కనీలోని కుండీలను ఒక్కొక్కటిగా ట్రక్కులోకి దించుతున్నాడు. ఈ బాల్కనీ చూసే మాస్టారి భార్య ఈ ఇంట్లో అద్దెకు దిగింది. ఆ కుండీలను మాస్టారు ముట్టుకోవడానికి కూడా వీల్లేదు.

మెట్లమీద కుండీల ఊరేగింపు చూసి పై వాటాలోంచి ఇంటి ఓనరమ్మ దిగొచ్చింది.

"ఖాళీ చేస్తూ నాకు చెప్పాలనిపించలేదా మాస్టారూ? పోనీలెండి. మా మేనకోడలు ఎప్పట్నించో ఈ వాటా అడుగుతోంది. పక్క వీధే. ఫోన్ చేశాను, వచ్చేస్తోంది."

ఆ అమ్మాయి చంకలో లాప్‌టాప్, చేతిలో కొలత టేపుతో వచ్చింది. వచ్చీ రాగానే, "అత్తా, ఈ బాల్కనీ మూసేసి నా ఆఫీసు గది చేసుకుంటా" అంది.

అబద్ధం ఆడింది ఇంటర్నెట్ కోసం. పోయేది ఇల్లు. నిజం గొంతుదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది.

గుమ్మంలో కొత్త కంపెనీ టెక్నీషియన్. పొద్దుట్నించీ ఎవరికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారో అతనే. వెనక హాల్లో బావమరిది. మాస్టారు చటుక్కున బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశారు.

"ఇక్కడెవరూ లేరు నాయనా. ఖాళీ చేసేశారు."

"మరి మీరెవరు?"

"సామాన్లు మోసేవాణ్ణి."

రుజువుకోసం పక్కనున్న గులాబీ కుండీ ఎత్తి భుజాన పెట్టుకున్నారు. టెక్నీషియన్ ఫోన్‌లో ఏదో నొక్కుకుని వెళ్ళిపోయాడు. ఊపిరి పీల్చుకుంటూ కిందికి దిగిన మాస్టారు ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయారు. ఎదురుగా, మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భార్య. ఆవిడ ట్రక్కునీ చూసింది, ఆయన భుజాన్నీ చూసింది.

"ఏమండీ, నా గులాబీ ఎక్కడికి బయల్దేరింది?"

అందరినీ హాల్లోకి చేర్చి, క్లినిక్ గొంతుతో ఒకే ఒక్క మాట అంది. "నోరు తెరవండి."

నిజం మొత్తం బయటికొచ్చింది, టెక్నీషియన్‌తో సహా, వేళ్ళతో సహా. మత్తు కూడా ఇవ్వలేదు.

"అంటే సొంత ఇల్లు లేదా?" అత్తగారు కట్టేసిన పెట్టెమీద కూలబడ్డారు.

"ఉన్న ఇల్లూ లేదమ్మా" అంది కూతురు, కొలత టేపు వైపు చూస్తూ.

ఓనరమ్మ ఇబ్బందిగా కదిలింది. "నేను మాటిచ్చేశాను మరి..."

"అదంతా సరే, ఇప్పుడు నాకో మీటింగుంది" అంటూ మేనకోడలు లాప్‌టాప్ తెరిచింది. "ఇక్కడ ఇంటర్నెట్ ఎలా ఉంటుంది?"

అందరి కళ్ళూ బావమరిది మీద పడ్డాయి. అతను గులాబీ కుండీని వాటేసుకున్న అక్కని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నిజం చెప్పమంటారా? మా లైను గాలేస్తే పోతుంది, వానపడితే పోతుంది, ఏమీ లేకపోయినా పోతుంది. కంప్లెయింట్లు తీసుకునేది నేనే. పోనీ కొత్త కంపెనీ అంటే, ఇల్లు ఖాళీ అని బావే రాయించి పంపించేశాడు. వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో."

లాప్‌టాప్ టప్పున మూతపడింది. "అత్తా, నేను వేరే ఇల్లు చూసుకుంటా."

ఆమె చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. తర్వాత మాస్టారి భార్య తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరేయ్, మరి మీ ఇంట్లో ఏ కంపెనీది?"

అతను కాలి బొటనవేలు చూసుకున్నాడు. "ఆ కొత్తదే అక్కా. ఎప్పుడో మార్చేశా."

"మీ ఆఫీసులో ఏం చెప్పావు?"

"ఇల్లు ఖాళీ చేస్తున్నానని."

ముందు ఓనరమ్మ పకపకా నవ్వింది. తర్వాత అత్తగారు. పళ్ళ డాక్టరు నవ్వు ఆపుకోలేక కుండీ తెచ్చి భర్త చేతుల్లో పెట్టింది. "మోసేవాడూ, బాల్కనీలోకి మొయ్యి!"

కుండీలన్నీ బాల్కనీకి చేరాయి. అత్తగారు ఎంతో భద్రంగా చుట్టబెట్టిన రౌటర్ ఏ పెట్టెలో ఉందో తెలియక అన్నీ విప్పాల్సి వచ్చింది. ప్రస్తుతానికి వేరే గతి లేదు గనక, సాయంత్రానికల్లా బావమరిదే పాత లైను మళ్ళీ కలిపించాడు.

మర్నాడు జవాబు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు "సార్, మీరు ఆగిపోయారు!" అని అరిచారు.

ఈసారి నవ్వుతూ ఆగిపోయారు.