డ్రిల్లు మాస్టారి చేతులు

ఆ రోజు పొద్దున్న డ్రిల్లు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం మరదలితో కలిసి బయల్దేరాలి, హాల్లో చిట్టచివరి వరసలో కూర్చోవాలి, కూతురు డ్రమ్స్ వాయిస్తుంటే కళ్ళారా చూడాలి, చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. మొదటివన్నీ ఆయన అనుకున్నవే. చివరిది కూతురు చేర్చింది.

"చప్పట్లు వద్దు నాన్నా," అంది ఆమె, డ్రమ్ముల పుల్లలు సంచిలో సర్దుకుంటూ. "ఇవాళ ఒక్కరోజుకీ."

"హాలంతా కొడుతుంటే నేనొక్కణ్ణీ బొమ్మలా కూర్చోవాలా?"

"హాలంతా కొట్టినా నాకు భయం లేదు. నువ్వు కొడితేనే భయం."

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మాస్టారు ఉద్యోగమంతా బడి మైదానంలో నిలబడి, ఉత్త చప్పట్లతో పిల్లల్ని నడిపించిన మనిషి. విజిల్ జేబులోనే ఉండేది, దాని అవసరం రాలేదు. ఆయన రెండు చేతులూ కలిస్తే అవతలి గోడ మీది పావురాలు కూడా ఒక్కసారిగా లేచేవి. ఆయన రిటైరయ్యారు గానీ చేతులు కాలేదు. కిందటేడు కూతురు ఒక హోటల్లో వాయిస్తుంటే వెళ్ళి, ముచ్చటపడి నాలుగు చప్పట్లు కొట్టారు.

"ఆ రోజు ప్లేట్లు తెచ్చే వాళ్ళంతా కాళ్ళు కలిపి నడిచారు. గుర్తుందా?"

"ఒక్క ప్లేటు కింద పడలేదు కదమ్మా."

"పాట పడింది. నాన్నా, ఈ పాటల్లో తాళం నాలుగు దెబ్బలు. బలమంతా రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా ఉంటుంది. చప్పట్లు కూడా అక్కడే పడాలి. నువ్వు ఒకటి మీదా మూడు మీదా కొడతావు."

"ఎదురుగా ఒకటి ఉండగా దాన్ని వదిలేసి రెండు మీద కొట్టడమేంటి? ఎడంకాలు ఏమైపోవాలి? ఆలస్యంగా వచ్చిన వాళ్ళు కొట్టే చప్పట్లు అవి."

"సరే, అలాగే అనుకో. నువ్వు మాత్రం కొట్టకు."

మాస్టారు మాటిచ్చారు. ఇవ్వక తప్పదు. ఆ సాయంత్రం పాడబోయేది ఫంక్, పాప్ పాటలతో రెండు తరాల్ని ఊపేసిన గాయకుడు. వయసు మీద పడ్డాక వాద్యబృందం అంతా ఆయన్ని "పెద్దాయన" అనే పిలుస్తోంది. బృందంలోని డ్రమ్మరు స్నానాల గదిలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంటే, ఈ ఊళ్ళో కచేరీకి మాస్టారి కూతుర్ని పిలిచారు. నచ్చితే మిగతా ఊళ్ళకీ తీసుకెళ్తారు, నచ్చకపోతే రేపటికి ఇంకొకరు. ఆమె ఇన్నేళ్ళూ తింటున్న వాళ్ళకి వాయించింది. వింటున్న వాళ్ళకి వాయించడం ఇదే మొదలు.

రావద్దని మాత్రం ఆమె తండ్రితో అనలేదు. తల్లి పోయిన ఏడాది, ఇంట్లో నిశ్శబ్దం భరించలేక, "వాయించమ్మా, గట్టిగా వాయించు" అని ఆ డ్రమ్ములు కొనిచ్చింది ఆయనే. పై వాటాలో అద్దెకున్న ముసలాయనకి చెముడు ఉండటం వాళ్ళ అదృష్టం. కొన్ని మేళ్ళు అలా కూడా జరుగుతుంటాయి.

కాబట్టి వెళ్తూ వెళ్తూ పిన్నికి అప్పజెప్పింది. "పిన్నీ, నాన్న చేతులు నీ పూచీ."

మరదలికి కుట్టుపని దుకాణం ఉంది. అక్క పోయినప్పటినుంచీ బావ చొక్కాలకి బొత్తాలు ఊడకుండా చూసేది ఆమే. సాయంత్రం ఒక జత లావుపాటి ఉన్ని గ్లౌజులతో వచ్చింది. లోపల అరచేతుల దగ్గర దూది కూడా కుట్టింది.

"ఇంత ఉక్కలోనా?" అన్నారు మాస్టారు.

"పొరపాటున కొట్టినా దిండు మీద దిండు పడ్డట్టు ఉంటుంది. తొడుక్కో బావా."

"నేను మాటిచ్చాను."

"నువ్వు ఇచ్చావు. నీ చేతులు ఇచ్చాయా?"

హాలు గేటు దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. లోపలికి పంపే మనిషి అందరి సంచులూ తడిమి చూస్తూ మాస్టారి దగ్గర ఆగాడు.

"గ్లౌజులేంటండీ? తీసి చూపించండి."

మరదలు కంగారు పడింది. వెనక క్యూలో వంద మంది. కథంతా చెప్పే వీలు లేదు. "తియ్యొద్దు బాబూ. ఆయన చేతులు ఆయన మాట వినవు," అంది గొంతు తగ్గించి.

అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ మనిషి ముఖం మెత్తబడిపోయింది.

"మా బాబాయికీ ఇంతేనమ్మా. చెంచా కూడా పట్టుకోలేడు. అయినా పాటంటే ప్రాణం." అతను క్యూ మొత్తాన్ని పక్కకి జరిపి, మాస్టారి మోచెయ్యి పట్టుకున్నాడు. "మీ సీట్లు ఎక్కడ? చివరి వరసా? ఈ చేతులతో అన్ని మెట్లు ఎక్కుతారా?"

"మెట్లు కాళ్ళతో కదయ్యా ఎక్కేది," అన్నారు మాస్టారు.

"రెయిలింగు పట్టుకోవాలి కదండీ," అన్నాడు ఆ మనిషి. మంచితనంతో ఇదే చిక్కు, ఒకసారి మొదలైతే దానికి అన్నీ కారణాలే దొరుకుతాయి. రెండు నిమిషాల్లో మాస్టారూ మరదలూ వేదికకి ఎదురుగా, ఒంట్లో బాగోలేని వాళ్ళ కోసం అట్టేపెట్టిన మొదటి వరసలో కూర్చుని ఉన్నారు. అక్కణ్ణుంచి కూతురి డ్రమ్ములు పది అడుగులు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నారు మాస్టారు.

"నువ్వేం చెయ్యకపోవడమే మనం చెయ్యాల్సింది," అంది మరదలు.

పక్క సీట్లో ఒక పళ్ళ డాక్టరమ్మ కూర్చుంది. గేటు మనిషి ఆమె చెవిలో ఏదో చెప్పి వెళ్ళాడు. ఆవిడ వెంటనే తన నీళ్ళ సీసా మూత తీసి మాస్టారి వైపు వంగింది.

"దాహం వేస్తుంటుంది. నోరు తెరవండి."

"వద్దండీ, నేను తాగగలను."

"మొహమాటం వద్దు. ఇంకాస్త పెద్దగా. ఆ, చాలు." వృత్తిలో నలిగిన చెయ్యి కాబట్టి ఒక్క చుక్క బయట పడలేదు. అక్కర్లేని నీళ్ళు సగం సీసా తాగి మాస్టారు గ్లౌజుల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఆవిడ ఆయన నుదుటి చెమట కూడా తుడిచింది. మరదలు నవ్వు ఆపుకోవడానికి చెంగు నోట్లో కుక్కుకుంది.

దీపాలు ఆరాయి. పెద్దాయన ఊదారంగు మెరుపుల కోటు వేసుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ మైకు దాకా వచ్చారు. ఈయన ఏం పాడతాడు పాపం అనిపించింది మాస్టారికి. అంతలో బాస్ గిటార్ మోగింది. ఆ చప్పుడు చెవుల్లోకి రాలేదు, కుర్చీ కింద నుంచి నడుములోకి ఎక్కింది. పెద్దాయన మోకాళ్ళు ఎవరో నూనె పోసినట్టు కదిలాయి. బూరలు ఊదే ముగ్గురూ ఒకేసారి ఎడమకి తిరిగి, ఒకేసారి కుడికి తిరిగారు. క్రమశిక్షణ ఉంది వీళ్ళకి, అనుకున్నారు మాస్టారు.

వాళ్ళందరి వెనకా కూతురు. కుడికాలు పెడల్ మీద ఆడుతోంది. కుట్టుమిషన్ తొక్కే వాళ్ళమ్మ పాదం అచ్చం అలాగే, మడమ లేవకుండా ఆడేది. మాస్టారు మరదలి వైపు చూశారు. ఆమె కూడా ఆ పాదాన్నే చూస్తోంది.

సగం కచేరీ దాకా చేతులు ఒళ్ళోంచి లేవలేదు. ఆ సగంతో ఇంటికి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ లేదు.

విరామంలో గేటు మనిషి మేనేజరుకి చెప్పాడు, మేనేజరు పెద్దాయనకి చెప్పాడు. ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి వెళ్ళేసరికి మాస్టారి చేతులు పూర్తిగా పడిపోయాయి. పెద్దాయన మైకు పట్టుకుని వేదిక అంచుకి వచ్చారు.

"ముందు వరసలో ఒక అన్నగారు కూర్చున్నారు. ఆయన చేతులు కదలవట. చప్పట్లు కొట్టాలని ఎంత ఆశపడుతున్నారో నాకు తెలుసు. తర్వాతి పాటకి ఆయన తరఫున మీరందరూ కొడతారా?"

వెలుగంతా తెచ్చి మాస్టారి మీద వేశారు. డ్రమ్ముల వెనక కూతురు మొదటిసారి తండ్రిని చూసింది. ఆమె చేతిలోని పుల్ల ఒకటి జారి, మోకాలి మీద పడి ఆగింది.

పాట మొదలైంది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఎలా కొట్టిందంటే, రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు. ఎవడి చప్పట్లు వాడివి. ఒకడు ముందు, ఒకడు వెనక, మధ్యలో కొందరు మానేసి మళ్ళీ మొదలుపెట్టారు. మాస్టారు కుర్చీ అంచుకి జరిగారు. ఇంత మంది తన తరఫున కొడుతున్నారు, తన పేరు మీద ఇంత కలగాపులగం.

"బావా, వద్దు," అంది మరదలు.

"నేనేం చెయ్యట్లేదు," అన్నారు మాస్టారు. అప్పటికే ఎడమ గ్లౌజు ఊడిపోయింది, కుడిది సగంలో ఉంది.

మొదటి చప్పటకి పళ్ళ డాక్టరమ్మ సీసా వదిలేసింది. రెండోదానికి హాలంతా అటు తిరిగింది. కదలని చేతులు కదిలాయని జనం లేచి నిలబడ్డారు, కొందరి కళ్ళు చెమర్చాయి. మూడోదానికల్లా పై బాల్కనీతో సహా అందరూ ఆయన చేతుల్నే చూస్తూ, ఆయనతోనే కొట్టడం మొదలుపెట్టారు. ఒక్క పొల్లు పోలేదు. హాలు మొత్తం కలిసి, గోడలు అదిరేలా, ఒకటి మీదా మూడు మీదా కొట్టింది.

వేదిక మీద డ్రమ్ము రెండు మీదా నాలుగు మీదా పడుతోంది. ఇక పాట రెండు ముక్కలయింది. బూరల వాళ్ళలో ఒకడు హాలుతో వెళ్ళాడు, ఇద్దరు డ్రమ్ముతో ఉన్నారు. పెద్దాయన పాదం గాల్లో లేచి, ఎక్కడ దిగాలో తెలియక అక్కడే ఆగింది. బాస్ గిటార్ అతను వెనక్కి తిరిగి మాస్టారి కూతుర్ని చూశాడు. తప్పు ఆమెదేనేమో అన్నట్టుంది ఆ చూపు.

మాస్టారికి అప్పుడు స్పృహ వచ్చింది. కూతురి ముఖం తెల్లబోయి ఉంది. చేతులు దించేద్దామనుకున్నారు. కానీ ఆయన ఆపినా హాలు ఆగలేదు. మంచి పిల్లలు, ఒకసారి నేర్పితే మర్చిపోరు. తన బిడ్డ బతుకు తన అరచేతుల్లోంచే జారిపోతున్నట్టు అనిపించి ఆయనకి నోరు ఎండిపోయింది, అన్ని నీళ్ళు తాగినా.

కూతురు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచి, బాస్ గిటార్ అతనికి ఐదు వేళ్ళు చూపించింది. తాళం తర్వాతి చుట్టులో నాలుగు దెబ్బలకి బదులు ఐదు కొట్టింది. అదనంగా ఒకే ఒక్క దెబ్బ. ఆ ఒక్కదానితో పాట మొత్తం ఒక అడుగు పక్కకి జరిగింది. హాలు ఏమీ మార్చుకోకుండా అలాగే కొడుతోంది, కానీ ఇప్పుడు ఆ చప్పట్లన్నీ సరిగ్గా రెండు మీదా నాలుగు మీదా పడుతున్నాయి. బూరల వాళ్ళు ముగ్గురూ ఒక్కటయ్యారు. పెద్దాయన పాదం దిగింది. ఆయన గిర్రున వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని చూసి, పాడటం కూడా మర్చిపోయి నవ్వారు. మిగతా పాట హాలే నడిపించింది.

కచేరీ అయ్యాక మాస్టారూ మరదలూ వేదిక వెనక గదికి వెళ్ళారు. మాస్టారు తలుపు దగ్గరే నిలబడిపోయారు.

"తప్పు మా అమ్మాయిది కాదండీ," అన్నారు. "నాది. నా చేతులకి ఏ జబ్బూ లేదు."

"తెలుస్తూనే ఉంది," అన్నారు పెద్దాయన, కుర్చీలో జారగిలబడి చెమట తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళుగా పాడుతున్నాను. హాలు మొత్తం చేత ఒక్క చప్పట కలిపి కొట్టించలేకపోయాను. ఎలా చేశారు?"

మాస్టారు తలుపు వదిలి లోపలికి వచ్చారు. "నవ్వే వాళ్ళ వైపు చూడకూడదండీ. మిగతాదంతా వాళ్ళే చేసుకుంటారు."

పెద్దాయన కూతురి వైపు తిరిగారు. "అమ్మాయీ, రేపు మాతో వస్తున్నావు. ఒక షరతు ఉంది."

"నాకూ ఒకటి ఉందండీ," అంది కూతురు.

"మీ నాన్న రావాలి," అన్నారాయన.

"మా నాన్న రాకూడదు," అంది ఆమె. రెండూ ఒక్కసారే వచ్చాయి.

మరదలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "తీసుకెళ్ళండి బాబూ. బొత్తాలు గట్టిగా కుట్టి పంపిస్తాను," అంది.

కూతురు తండ్రి దగ్గరికొచ్చింది. ఏదో గట్టిగా అనడానికే వచ్చింది. ఎర్రగా వాచిన ఆ అరచేతులు చూసి, వాటి మీద మెల్లగా ఊదింది. "పుల్లల సంచి నువ్వే మోయాలి. రెండు చేతులతో," అంది.

మర్నాడు పొద్దున్న మేనేజరు బస్సు తెచ్చేసరికి బృందమంతా, పెద్దాయనతో సహా, ఎత్తుల వారీగా వరసలో నిలబడి ఉన్నారు. ఎవరు నిలబెట్టారని అడిగితే ఒక్కరికీ తెలియలేదు.