తూర్పు గోడకు మంచు దుప్పటి

ఆ రోజు పొద్దున మిరోన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి గోడలకు మంచు ఎగదోయడం, లోపలికొచ్చి టీ తాగడం, సాయంత్రందాకా భార్య డార్కా కంటపడకుండా ఉండటం. సస్కచెవాన్ మంచుసీమలో చలికి గోడల చుట్టూ మంచు పేరిస్తే ఇంట్లో వెచ్చదనం బయటికి పోదని అతని తండ్రి నమ్మకం. ఆయన బతికున్నన్నాళ్ళూ అలాగే చేశాడు. ఆయన పారతోనే మిరోన్ తూర్పు గోడకు నడుమెత్తు మంచు పేర్చి, చేత్తో తట్టి చదును చేసి, తృప్తిగా లోపలికొచ్చాడు.

పాత పంచాంగం ప్రకారం అది క్రిస్మస్ ముందురోజు. సాయంత్రం తొలి నక్షత్రం కనపడ్డాక బంధువులంతా పన్నెండు రకాలతో భోజనానికి కూర్చోవాలి. ఎన్నో ఏళ్ళుగా ఆ భోజనం డార్కా తమ్ముడు ఒరెస్ట్ ఇంట్లోనే జరిగేది. ఈసారి డార్కా పోట్లాడి తన ఇంటికి తెచ్చుకుంది. "సరే వదినా, చూద్దాం" అంది ఒరెస్ట్ భార్య స్టెఫ్కా. ఆ "చూద్దాం" డార్కాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఈ ఒక్కసారి తేడా వచ్చిందా, ఆ భోజనం మళ్ళీ ఈ గడప తొక్కదు.

"ఏవయ్యా, ఇల్లు చల్లబడటం లేదూ?"

"పొయ్యి దగ్గర నిలబడి చలంటావేంటే?"

"నా మాట నమ్మకపోతే పోయావ్. రొట్టెపిండి పొంగలేదు, దాన్నడుగు."

మిరోన్ నేలమాళిగలోకి దిగాడు. ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసులో చిన్న ఫ్యాను గుయ్‌మని తిరిగింది. తర్వాత మంట భగ్గుమనాలి. అనలేదు. ఫ్యాను కాసేపు తిరిగి, విసుగొచ్చినట్టు ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగింది.

విచిత్రమేమిటంటే ఒరెస్ట్ ఫర్నేసులు బాగుచేసేవాడే. దీన్ని బిగించిందీ అతనే. కానీ మూడేళ్ళ కిందట మిరోన్ ఫర్నేసు స్విచ్చిని లైటుదనుకుని ఆపేస్తే, అతనొచ్చి ఒక్క వేలితో నొక్కి, ఆ కథను ఊళ్ళో ప్రతి పెళ్ళిలోనూ చెప్పాడు. ఒక చావు భోజనంలో కూడా చెప్పాడు.

"వాడికి ఫోను చెయ్యను. చచ్చినా చెయ్యను" అన్నాడు మిరోన్.

"చేస్తే ఊరుకోను" అంది డార్కా. "వాడికి తెలిస్తే వాడి పెళ్ళానికి తెలుస్తుంది. ఆవిడకి తెలిస్తే గిన్నెలతో సహా భోజనం వాళ్ళింటికి పోతుంది. నువ్వే వెలిగించు."

మిరోన్ నడుం బిగించాడు. ఇంటి వేడిని పెంచి తగ్గించే గోడమీది మీటలో బ్యాటరీలు మార్చాడు. వెలగలేదు. గాలి వడగట్టే జల్లెడ తీసి దులిపాడు. తను తుమ్మాడు గాని అది వెలగలేదు. మంటను కనిపెట్టే కడ్డీని డార్కా గిన్నెలు తోముకునే పీచుతో మెరిసేదాకా రుద్దాడు. కడ్డీ మెరిసింది, అంతే. ఓడిపోయి పైకొచ్చినప్పుడల్లా, ఉన్న వెచ్చదనమైనా పోకూడదని బయటికెళ్ళి తూర్పు గోడకు మరికాస్త మంచు ఎగదోశాడు. మధ్యాహ్నానికి ఆ గుట్ట కిటికీని కూడా కప్పేసింది.

అంతలో స్టెఫ్కా ఫోను.

"అన్నయ్యగారూ, అంతా బాగుందా? వదిన ఇల్లు కాస్త చలి కదా, అందుకని అడుగుతున్నా..."

మిరోన్‌కి రోషం పొడుచుకొచ్చింది. "చలా? ఉడికిపోలేక కిటికీలు తెరుచుకుని కూర్చున్నాం తల్లీ!"

"అయ్యో, ఎంత మంచిమాట! అయితే అత్తయ్యని ఇప్పుడే పంపిస్తా. ఆవిడకి మా ఇల్లు ఎప్పుడూ చలేనట."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే డార్కా గరిటె పట్టుకుని నిలబడి ఉంది.  

డార్కా తల్లి పరాస్కాను తీసుకుని ఒరెస్ట్ వచ్చాడు. ఇల్లు ఉడికిపోతోందని విన్నాడు కనుక పల్చటి చొక్కాతో కారు దిగాడు. లోపల అడుగుపెట్టగానే నోట్లోంచి ఆవిరి వచ్చింది.

"బావా, ఆ తెరిచిన కిటికీలు ముయ్యవయ్యా బాబూ!"

"మూసే ఉన్నాయిరా" అన్నాడు మిరోన్, నేల చూస్తూ.

ఒరెస్ట్ విషయం అర్థమై నవ్వబోయాడు. డార్కా గరిటె అతని ముక్కు దాకా వచ్చింది. "నీ పెళ్ళానికి ఒక్క ముక్క తెలిసిందా, నువ్వు నా తమ్ముడివే కాదు. పోయి వెలిగించు."

ఒరెస్ట్ కారులోంచి పనిముట్ల పెట్టె తెచ్చుకుని కిందికి దిగాడు.

"బయట గొట్టాలు చూశావా బావా?"

"పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాన్రా!" అన్నాడు మిరోన్. అందులో అబద్ధం లేదు.

ఆ చొక్కాతో మళ్ళీ బయటికెళ్ళే ధైర్యం ఒరెస్ట్‌కీ లేదు. ఫర్నేసు మూత విప్పాడు, తీగలు విప్పాడు, నేలంతా మరలు పరిచాడు. చీకటి పడుతున్నా మంట రాలేదు. ఇంతకాలం ఊరందరి ముందూ గొప్పలు పోయిన మనిషి, చివరికి ఫర్నేసుకి బుజ్జగింపులు మొదలుపెట్టాడు.

పైన పరాస్కా కోటు విప్పకుండా తూర్పు కిటికీ ముందు కుర్చీ వేసుకుంది. ఏటేటా నక్షత్రాన్ని చూసి చెప్పేది ఆవిడే.

"అల్లుడూ, ఈ కిటికీకి తెల్ల పరదా కట్టిందెవరు?"

"మంచు అత్తయ్యా. వెచ్చగా ఉంటుందని. మా నాన్న పద్ధతి."

"మీ నాన్న కిటికీ కూడా పూడ్చాడా? చుక్క కనపడకుండా ముద్ద ముట్టేదెలా? తవ్వు."

"అత్తయ్యా, పొద్దుటినుంచి పడ్డ కష్టం..."

"తవ్వు నాయనా."

డార్కా ముఖం చూసి మిరోన్ పార అందుకున్నాడు. బంధువుల కార్లు వీధి మలుపులో కనపడుతున్నాయి. ఏడుపొక్కటే తక్కువగా, తన గుట్టను తనే కూల్చుకుంటూ కిందిదాకా తవ్వాడు. కిటికీ బయటపడింది. ఆ పక్కన, మోకాలెత్తున పార దేనికో టక్కున తగిలింది.

రెండు తెల్లటి గొట్టాలు. ఒకటి ఫర్నేసు గాలి పీల్చేది, ఒకటి పొగ వదిలేది. తండ్రిగారి కాలంలో పొగగొట్టం కప్పుమీద ఉండేది, గోడకు ఎంత మంచు పోసినా దానికి పట్టేది కాదు. ఈ ఇంట్లో మిరోన్ పొద్దున్నుంచీ చేసిందల్లా ఫర్నేసు ముక్కు మూసి, ఊపిరి తీసుకోవేమని తిట్టడమే.  చేతులతో గబగబా గొట్టాల్లో మంచు తోడేశాడు.

సరిగ్గా అప్పుడే కింద ఒరెస్ట్ దేవుణ్ణి తలుచుకుని, ఆఖరి మర బిగించి స్విచ్చి నొక్కాడు. భగ్గుమంది. గొట్టంలోంచి ఆవిరి మిరోన్ ముఖాన కొట్టింది.

"వెలిగింది! వెలిగించాను!" ఒరెస్ట్ కేక ఇల్లంతా మోగింది.

మిరోన్ తలెత్తాడు. కిటికీలోంచి పరాస్కా చూస్తోంది. ఆకాశాన్ని కాదు.

అందరికంటే ఆలస్యంగా, ఇల్లు వెచ్చబడేవేళకి స్టెఫ్కా వచ్చి కోటు విప్పింది. ఇంకేదైనా వంక దొరుకుతుందేమోనని నాలుగు వైపులా చూసి, "వెచ్చగానే ఉంది వదినా" అంది. డార్కా ఆనందం పట్టలేక ఆమెను కౌగిలించుకుంది. చుక్క కనపడిందని పరాస్కా చెప్పింది, పన్నెండు రకాలూ బల్లమీదికి వచ్చాయి. ఫర్నేసు సంగతి బయటపెట్టొద్దన్న అక్క మాటను బోర్ష్ పులుసు గిన్నె ఖాళీ అయ్యేలోపే మరిచి, ఒరెస్ట్ తన చేతి మహిమను వర్ణించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇల్లు వెచ్చగా ఉంది కనుక డార్కా కూడా పోనీలే అనుకుంది.

మిరోన్ గోధుమ పాయసం తెస్తుంటే వంటింటి గుమ్మంలో ఒరెస్ట్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బావా, ఒట్టేసి చెబుతున్నా, నేనేం చేశానో నాకే తెలీదు. నువ్వేమన్నా కదిపావా?"

ఇన్నేళ్ళ తర్వాత బావమరిది జుట్టు చేతికి చిక్కింది. కానీ లాగితే తన జుట్టూ ఊడివస్తుంది. 

"నేనేం కదుపుతాన్రా. అంతా నీ హస్తవాసి."

బల్ల దగ్గర పరాస్కా చెంచాతో గిన్నె అంచుమీద తట్టింది. అందరూ అటు తిరిగారు.

"ఇకనుంచి ఏటేటా భోజనం ఇక్కడే" అందావిడ. "ఈ కిటికీలోంచి అన్నీ బాగా కనపడుతున్నాయి."

మిరోన్ చప్పున అత్తగారికి ఇంకో క్యాబేజీ చుట్ట వడ్డించాడు.