రెండువేలవ పౌరురాలి మాట

స్కార్వికా మునిసిపాలిటీ జనాభా రెండు వేలకు చేరుకోబోతున్నదనీ, ఈ ఘనత పూర్తిగా తమ పాలనదేననీ మేయర్ స్టైనార్ హోవ్‌లాన్ గారు పత్రికా ప్రకటన విడుదల చేశారు. ఆ రెండువేలవ మనిషి అప్పటికి ఇంకా కొరియాలోనే ఉంది. వయసు రెండేళ్లు. పేరు హే-జిన్. దత్తత తీసుకుంటున్నది మా పక్కింటి తూరిద్, మాగ్నే దంపతులు. ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిందీ, ఫొటో వచ్చిన రోజున మా కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చి చూపించిందీ వాళ్లే. ప్రకటనలో వాళ్ల పేర్లు లేవు. స్థలాభావం అని మేయర్ గారు నాకు వివరించారు.

నేను ‘స్కార్వికా వార్త’ అనే వారపత్రికకు సంపాదకుణ్ణి, విలేకరిని, ఫొటోగ్రాఫర్ని. పత్రికను ఇళ్లల్లో వేసేది కూడా నేనే. నాకు సొంత అభిప్రాయాలు లేవు. ఉంటే పత్రిక ఈపాటికి మూతపడేది.

ఈ రెండు వేల గొడవ ఏమిటో చెప్పాలి. అంతకంటే తక్కువ జనమున్న మునిసిపాలిటీలను పక్కవాటిలో కలిపేస్తామని ఓస్లోలో ప్రభుత్వం ప్రకటించింది. మా పక్కది లెర్వోగ్. లెర్వోగ్‌లో కలవడం కంటే అందరం కట్టగట్టుకుని సముద్రంలో దూకడం నయమన్నది మేయర్ గారి ఎన్నికల నినాదం. సెప్టెంబరులో పోలింగు. అందుకని ఆ వేసవిలో మా ఊళ్లో ఎవరూ చనిపోకుండా ఆయన గట్టి చర్యలు తీసుకున్నారు. వృద్ధాశ్రమంలో తొంభై దాటిన ఇంగెబ్రిగ్ట్ తాతకు చేప ముళ్లు తీసి పెట్టాలని ఉత్తర్వు వెళ్లింది. తాత దగ్గితే మేయర్ గారికి ఫోను వెళ్లేది.

దత్తత సంస్థ వాళ్లు తూరిద్‌కి ముందే చెప్పారు. బిడ్డ వచ్చిన కొత్తలో గుంపు కూడదు, చప్పుడు కూడదు, కొన్నాళ్లపాటు అమ్మా నాన్నా తప్ప ఇంకెవరూ ఎత్తుకోకూడదు. తూరిద్ ఆ మాటే మేయర్ గారికి చెప్పింది.

“గుంపెందుకమ్మా? స్వాగత సంఘం వస్తుందంతే” అన్నారాయన.

“బ్యాండు కూడా ఉందని విన్నానండీ.”

“మెల్లగా వాయిస్తారులే.”

మెల్లగా వాయించడం మా బ్యాండుకి ఎప్పుడూ రాలేదు. బిడ్డని తెస్తున్న పడవ రేవుకి తగిలీ తగలకముందే నలుగురు ట్రాంబోన్ల వాళ్లు బుగ్గలు పూరించారు. మాగ్నే భుజం మీద నిద్రపోతున్న బిడ్డ ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా మేయర్ గారు మెడలో పదవీ గొలుసుతో నిలబడి ఉన్నారు.

“హెయ్, జిన్!” అన్నారు ఆయన ఆప్యాయంగా. ‘హెయ్’ అంటే మా భాషలో పలకరింపు. బిడ్డ పేరు ఉత్త జిన్ అనీ, కొరియా వాళ్లు కాగితాల్లో మర్యాద కొద్దీ ముందు పలకరింపు రాశారనీ ఆయన చివరిదాకా నమ్మారు.

“మా స్కార్వికా నచ్చిందా తల్లీ?”

బిడ్డ ఒక్క క్షణం ఆయన్ని చూసి, గడ్డం ఛాతీకి ఆనించి, “నే” అంది.

ట్రాంబోన్ల వాళ్లు బుగ్గలు దించేశారు. మా భాషలో ‘నెయ్’ అంటే కాదు, లేదు, వద్దు, మూడూనూ. మా స్కార్వికా వాళ్లం చలికి నోరు పూర్తిగా తెరవం కాబట్టి ‘నే’ అనేసి ఊరుకుంటాం. దిగీ దిగగానే పిల్ల మా యాసలో మాకే వద్దు చెప్పింది.

“అలసిపోయింది పాపం” అన్నారు మేయర్ గారు. “వాఫిల్ తింటావా బుజ్జీ? గోధుమరంగు చీజ్ వేసి తెచ్చాం.”

“నే” అంది బిడ్డ, చెయ్యి చాపుతూ.

మా దేశంలో పసిపిల్ల వద్దంటే వద్దే. మేయర్ గారు వాఫిల్ వెనక్కి తీసుకుని, పిల్లల ఇష్టాన్ని గౌరవించడం తమ పార్టీ విధానమని చెప్పి, తానే తినేశారు. బిడ్డ ఆ వాఫిల్ పోయినవైపే చూస్తూ ఊరు అదిరిపోయేట్టు ఏడ్చింది. ‘రెండువేలవ పౌరురాలి నిర్మొహమాటం’ అని నేను ఆ వారం శీర్షిక పెట్టాను.

అసలు కష్టం తూరిద్‌కి వచ్చిపడింది. ఆవిడ పసిపిల్లల బడిలో పంతులమ్మ. పిల్లల్ని అడగకుండా ముట్టుకోకూడదని తోటి పంతులమ్మలకు పాఠాలు చెప్పిన మనిషి. అందుకని ప్రతిదీ అడిగేది.

“పాలు తాగుతావా నాన్నా?”

“నే.”

పాలగ్లాసు వెనక్కి వెళ్లిపోయేది.

“అమ్మ ఎత్తుకోనా?”

“నే” అనేది బిడ్డ, రెండు చేతులూ పైకెత్తి.

తూరిద్ రెండడుగులు వెనక్కి వేసేది. బిడ్డ గొంతు చించుకుని ఏడిచేది. కంచె ఇవతల బట్టలారేసుకుంటున్న నాతో ఒకరోజు తూరిద్ అనేసింది. “చూశారుగా, చేతులెత్తి దణ్ణం పెడుతోందండీ, దగ్గరికి రావొద్దని. నేనేం పాపం చేశాను?”

మాగ్నే సంగతి వేరు. అతను పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. రోజుకి నాలుగైదు మాటలు మాట్లాడతాడు, అందులో రెండు కుక్కతో. బిడ్డని ఎప్పుడూ ఏమీ అడగలేదు. నోట్లో రొట్టె పెట్టేవాడు, తినేది. భుజం మీద కూర్చోబెట్టుకునేవాడు, చెవులు పట్టుకుని కిలకిలా నవ్వేది. ఆ నవ్వు వంటింట్లోకి వినబడితే తూరిద్ కుళాయి గట్టిగా తిప్పి అంట్లు తోముకునేది.

“ఆయనంటే ఇష్టమే. నేనంటేనే గిట్టదు. ఇంకో అమ్మ దగ్గరైతే సుఖపడుతుందేమో, సంస్థ వాళ్లకి ఫోన్ చేసి చెప్పేస్తా” అంది ఇంకోరోజు. ముక్కు ఎర్రగా ఉంది. విలేకరిని కాబట్టి బట్టలారేస్తూ ఉండిపోయాను.

ఈలోగా లెర్వోగ్ వాళ్లు మా మీద పడి నవ్వుకోసాగారు. స్కార్వికాకి కొత్తగా వచ్చిన ఒకే ఒక్క మనిషి కూడా వద్దనేసిందట అని పడవలో, బ్యాంకులో, చర్చిలో ఒకటే మాట. ఇంకొకరైతే తలెత్తుకోలేకపోయేవారు. మా మేయర్ గారు మూడు కప్పుల కాఫీ తాగి, ఒక మహత్తరమైన సత్యాన్ని కనిపెట్టారు. పిల్ల జవాబు మారనప్పుడు ప్రశ్న మార్చుకోవాలి.

ఆ సాయంత్రమే తూరిద్ ఇంటికి వెళ్లి, బిడ్డ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

“హెయ్, జిన్! ఎన్నికల సభకి రాకుండా ఇంట్లోనే ఉండిపోతావా?”

“నే.”

“చూశారా, ఇంట్లో ఉండదట! కోటు తొడగండి.”

“వద్దండీ, మేయర్ గారూ. సంస్థ వాళ్లు…” అంటూ తూరిద్ అడ్డం రాబోయింది.

“పిల్లల మాట కొట్టెయ్యకూడదని ఊరందరికీ పాఠాలు చెప్పేది మీరే కదమ్మా?”

తూరిద్ బిడ్డకి కోటు తొడిగింది. సభ నుంచి తిరిగొచ్చాక మాగ్నే ఆ రోజుకి మిగుల్చుకున్న మాటలు ఖర్చుపెట్టాడు. “నువ్వూ అలా తిప్పి అడగరాదూ?”

“కన్నబిడ్డలాంటి దానితో మేయర్‌లా మాట్లాడమంటావా?” అని తూరిద్ కసిరింది.

అక్కణ్ణించి మా మేయర్ గారి ప్రచారం చూసి తీరాల్సిందే. బిడ్డని కుర్చీ ఎక్కించి మైకు పట్టేవారు.

“లెర్వోగ్‌లో కలిసిపోదామా?”

“నే!”

చప్పట్లు.

“పన్నులు పెంచమంటావా?”

“నే!”

ఈలలు.

“నాకంటే మంచి మేయరు ఈ లోకంలో ఉన్నాడా?”

“నే!”

జనం కాళ్లతో నేల దద్దరిల్లించేవాళ్లు. పార్టీ కార్యాలయం ముందు బిడ్డ బొమ్మ వెలిసింది, కింద పెద్ద అక్షరాలతో ‘నే’. అభివృద్ధి మీద ఇంత స్పష్టమైన అవగాహన పెద్దవాళ్లలో కూడా అరుదని మేయర్ గారు చెబితే నేను యథాతథంగా వేశాను.

పోలింగుకి ముందు ఆఖరి సభ క్రీడామందిరంలో జరిగింది. దానికి అంతర్జాతీయ స్థాయి కావాలని ఆయనకి అనిపించింది. లెర్వోగ్ ఓడల కర్మాగారంలో ప్యో అనే కొరియా ఇంజనీరు పనిచేస్తున్నాడు. రెండేళ్లుగా ఉంటున్నాడు కాబట్టి మా భాష వచ్చు. అతన్ని విదేశీ పరిశీలకుడని పిలిపించి వేదిక మీద కూర్చోబెట్టారు. తూరిద్ వెనక బల్ల దగ్గర అందరికీ కాఫీ పోస్తోంది. మర్నాడు పొద్దున్నే సంస్థకి ఫోన్ చేస్తానని నాతో అప్పుడే చెప్పింది, నా కప్పు పొంగి పొర్లేదాకా పోస్తూ.

“లెర్వోగ్‌లో కలిసిపోదామా బుజ్జీ?” అన్నారు మేయర్ గారు.

“నే!”

చప్పట్లు మోగాయి. ప్యో కూడా కొట్టాడు గానీ, మేయర్ గారి వైపు వింతగా చూశాడు.

“మీది చాలా పెద్ద మనసండీ, మేయర్ గారూ” అన్నాడు. మైకు పక్కనే ఉంది. “సొంత సభలో మీకు వ్యతిరేకంగా ఇలా చెప్పించుకోవడం మా దేశంలో ఏ నాయకుడి వల్లా కాదు.”

“వ్యతిరేకంగానా? వద్దంది కదయ్యా?”

“లేదే, కలిసిపోదామంది.”

“నే అంది!”

“అదేనండీ. పెద్దవాళ్లు ఏమన్నా అడిగితే మా పిల్లలు తల వంచి ‘నే’ అంటారు. అంటే అవునండీ, అలాగేనండీ అని. ఎవరో చక్కగా నేర్పారు.”

మేయర్ గారు గొలుసు సర్దుకున్నారు. “అన్నిటికీ అదేనా అర్థం?”

“అన్నిటికీనండి.”

“నాకంటే మంచి మేయరు ఉన్నాడా అన్నదానికి కూడానా?”

“అది నేను మొన్న రేడియోలో విన్నాను. దానికి కొంచెం గట్టిగానే అంది.”

వెనకనుంచి పెద్ద చప్పుడైంది. తూరిద్ కాఫీ కెటిల్ వదిలేసింది. కుర్చీల మధ్యనుంచి, జనం కాళ్లు తొక్కుకుంటూ, క్షమించండి అని కూడా అనకుండా వేదిక దాకా వచ్చేసింది. మా ఊళ్లో ఎవరూ అలా నడవరు.

బిడ్డ ముందు ఆగింది.

“అమ్మ దగ్గరికి వస్తావా, హే-జిన్?”

“నే” అంది బిడ్డ, ఎప్పటిలాగే రెండు చేతులూ ఎత్తి.

తూరిద్ అమాంతం ఎత్తుకుని గుండెకి అదుముకుంది. బిడ్డ కాళ్లు రెండూ ఆవిడ నడుముకి చుట్టేసి, మెడలో ముఖం దూర్చి, ఇన్నాళ్లకి కుదిరిందన్నట్టు పెద్దగా ఊపిరి వదిలింది. తూరిద్ వెక్కి వెక్కి ఏడ్చింది. “నా తల్లే, నా బంగారమే, అన్నిసార్లు రమ్మన్నావా? అన్నిసార్లూ నేను వెనక్కి పోయానా?” మా ఊళ్లో నలుగురిలో ఏడవడం మర్యాద కాదు కాబట్టి అందరూ ఎవరి కాఫీ కప్పులోకి వాళ్లు చూసుకున్నారు. నా కప్పులో నాకేమీ కనబడలేదు, కళ్లు మసకబారాయి.

“నేనైతే అడగలేదు” అన్నాడు మాగ్నే, ఎవరూ అడక్కుండానే.

ఇక్కడ మేయర్ గారి దక్షత చెప్పుకోవాలి. ఆయన మైకు అందుకుని, గొంతు సవరించుకుని, ఒక్క మాట తడబడకుండా ప్రసంగించారు. “సోదరులారా! ఈ వేసవంతా ఒక పసిగొంతు విలీనం కావాలి, విలీనం కావాలి అని మొరపెట్టుకుంది. ఆ గొంతుకి ఊరూరా మైకు పట్టిన నాయకుడు ఎవరు?”

జనం కాసేపు ఆలోచించారు. తర్వాత చప్పట్లు కొట్టారు. అప్పటికే కొట్టడం అలవాటైపోయింది.

ఆయన భారీ మెజారిటీతో గెలిచారు. స్కార్వికా లెర్వోగ్‌లో కలిసింది, రెండింటికీ ఆయనే మేయరయ్యారు. ఇంగెబ్రిగ్ట్ తాతకి మళ్లీ ముళ్లతోనే చేప పెడుతున్నారు. పార్టీ కార్యాలయం ముందున్న బొమ్మ అలాగే ఉంది. ‘నే’ పక్కన బ్రాకెట్లో ‘అవును’ అని రంగు వేశారు.

లెర్వోగ్‌లో కొత్త కార్యాలయం ప్రారంభోత్సవానికి బిడ్డని తీసుకెళ్దామని మేయర్ గారు కారేసుకుని తూరిద్ ఇంటికి వచ్చారు. ఫొటో కోసం నన్నూ వెంటబెట్టుకున్నారు. తలుపు తూరిద్ తీసింది. బిడ్డ చంకలో ఉంది, చేతిలో సగం కొరికిన జామ్ వాఫిల్.

“హెయ్, జిన్! కొత్త ఆఫీసుకి వస్తావా బుజ్జీ? బ్యాండు కూడా ఉంది.” ఇప్పుడు భాష తెలుసు కాబట్టి ఆయన ప్రశ్న తిన్నగానే అడిగారు.

బిడ్డ ఆయన్ని చూసింది. గొలుసుని చూసింది. అమ్మ ముఖంలోకి చూసింది. వాఫిల్ ఉన్న చేత్తోనే ఆయన చెయ్యి తోసేసి, తల అటూ ఇటూ ఊపి, “నెయ్!” అంది.

“చూశారా, వస్తానంటోంది! కోటు తొడగండమ్మా” అన్నారు మేయర్ గారు.

“అది కొరియా మాట కాదండీ, మేయర్ గారూ. మన భాషే” అని తూరిద్ తలుపు వేసేసింది. లోపల్నుంచి, “మాగ్నే, ఇలా రా, ఏమందో విన్నావా!” అంటూ ఆవిడ కేకలూ, బిడ్డ కిలకిలలూ వినబడ్డాయి.

మేయర్ గారు మెట్లు దిగారు. కోటుకి అంటిన జామ్ తుడుచుకున్నారు.

“ఈ వారం ఏం వేస్తావోయ్?” అన్నారు.

“పాప ఏమందో అదే వేస్తానండీ.”

“వెయ్యి, తప్పకుండా వెయ్యి. ఏ భాషలో అందో మాత్రం వెయ్యనక్కర్లేదు” అని కారెక్కారు.