తీసెయ్యమంటే తీసేశారు

ఆ పొద్దున నవ్వండిగారు పెట్టుకున్న పని చిన్నదే. ఓనరుగారి కుటుంబం ఫోటోలో మొహాల మీది మచ్చలు తుడవాలి, పైన తొంగిచూస్తున్న ఫ్యాను రెక్కను క్రాప్ చేసి పారెయ్యాలి, మధ్యాహ్నంలోగా ఫ్రేము కట్టి ఇవ్వాలి. స్టూడియోకి వచ్చిన ప్రతివాళ్ళనీ "నవ్వండి, నవ్వండి" అని వేపుకు తింటారు కాబట్టి వీధిలో ఆయనకి ఆ పేరు పడిపోయింది. ఆయన నవ్వగా చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ఈమధ్య అసలు లేరు.

కారణం ఉంది. స్టూడియో ఉన్న గదిని ఓనరుగారు తన బావమరిదికి చెప్పుల కొట్టు పెట్టుకోవడానికి ఇస్తారని వీధంతా అనుకుంటోంది. ఉండబట్టలేక అడిగితే, "ముందు మా పెళ్ళిరోజు ఫోటో కానీవయ్యా, గది సంగతి తరవాత మాట్లాడుకుందాం" అన్నారు ఓనరుగారు. ఖాళీ చెయ్యమనే ముందు పెద్దమనుషులు అనే మాట అదే.

ఆ ఫోటో కూడా చిత్రమైనదే. పెళ్ళిరోజు ఆలుమగలది, మధ్యలో కూర్చున్నది బావమరిది. అక్క భుజం మీద ఒక చెయ్యి, బావ భుజం మీద ఇంకో చెయ్యి వేసి, సోఫా తనకే రాసిచ్చినట్టు కూర్చున్నాడు. తీరా బటన్ నొక్కే వేళకి కళ్ళు మూసేశాడు. నిన్న సాయంత్రం ఓనరుగారు వచ్చి కంప్యూటర్లో చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయారు.

మచ్చలు తుడవడం ఇంకా మొదలుపెట్టకముందే ఆయన దగ్గరనుంచి ఫోను వచ్చింది.

"ఏమయ్యా, ఫోటో గురించి ఇంట్లో చెప్పాను. అంతా బాగానే ఉంది గానీ, మా బావమరిదితోనే వచ్చింది చిక్కు. వాణ్ణి తీసెయ్యి."

నవ్వండిగారి చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. "తీసెయ్యమంటారా?"

"ఆఁ, తీసెయ్యి."

"అమ్మగారు ఏమీ అనుకోరు కదండీ?"

"తనే చెప్పమంది. లేచిన దగ్గర్నుంచి నా ప్రాణం తీస్తోంది."

"సగం తీసెయ్యమంటారా, మొత్తమా?"

"సగమేమిటయ్యా నీ మొహం! నిలువునా తీసెయ్యి," అని ఓనరుగారు ఫోను పెట్టేశారు.

మనసులో ఏముంటే చెవికి అదే వినపడుతుంది. అక్కాతమ్ముళ్ళకి చెడిందనీ, చెప్పుల కొట్టు చాప చుట్టేసినట్టేననీ నవ్వండిగారికి అర్థమైపోయింది. ఇక ఆలస్యం చెయ్యలేదు. చేలో కలుపు తీసినంత శ్రద్ధగా తీశారు. ముందు తల, తరవాత మెడ, ఆ తరవాత గళ్ళ చొక్కా, మోకాళ్ళు. పనికి కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువ ఇష్టంగానే తీశారు.

కాఫీ తెచ్చిన ఆయన భార్య తెర వైపు వంగి చూసింది. "ఏమండీ, ఆవిడ భుజం మీద చెయ్యి ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కాని చెయ్యికి ఉంగరం ఎందుకండీ?"

ఆ చెయ్యీ తీసేశారు. తీస్తే దాని కింద భుజం లేదు. అవతలి భుజాన్ని కాపీ చేసి, ఇటు తిప్పి అతికించారు. ఓనరుగారి భార్య నిండైన మనిషి. ఆ నిండుతనం ఎంతవరకు రావాలో అంతు చిక్కక, అతుకు ఎంతవరకు వస్తే అంతవరకే వేశారు. దాంతో ఒంటికి ఒక పక్క ఎక్కువై, రెండో పక్క తక్కువైంది. రెండో పక్కకి సమానంగా మొదటి పక్కనీ తగ్గించారు. ఇంతలో సోఫా నడుమ గొయ్యి తేలింది. ఆలుమగలిద్దరినీ చెరో వైపునుంచీ జరిపి గొయ్యి పూడ్చారు.

"పాతది ఒక కాపీ ఉంచుకోండి," అంది భార్య.

"తీసేసిన మనిషిని దాచుకుని ఏం చేసుకుంటాం?" అని నవ్వండిగారు దాని మీదే సేవ్ చేసి, కెమెరా కార్డు కూడా చెరిపేశారు. పని అయ్యాక చెత్త ఉంచకూడదన్నది ఆయన పద్ధతి.

ఫ్రేము కట్టి మేకులు బిగించేసరికి గుమ్మంలో అత్తరు వాసన గుప్పుమంది. బావమరిది. ఇస్త్రీ చొక్కా, మొహానికి దండిగా పౌడరు.

"బావ నన్ను తీసెయ్యమన్నాడట కదా?" అన్నాడు హుషారుగా.

నవ్వండిగారు ఫ్రేమును గోడవైపుకి తిప్పి పెట్టారు. "మీకూ చెప్పేశారా?"

"చెప్పకేం! అక్కే తరిమింది."

"మరి మీకు బాధగా లేదా?"

"బాధేముందండీ, నిమిషం పని. ఈసారి కళ్ళు మాత్రం మూయను."

"ఇక మీరు మూసినా తెరిచినా ఒకటేనండీ," అన్నారు నవ్వండిగారు జాలిగా. "పొద్దున్నే తీసేశాను."

"నేను లేకుండా నన్నెలా తీశారండీ?"

"అదేనండీ. మీరు లేకుండా తీశాను," అని ఫ్రేము ఇటు తిప్పారు.

బావమరిది తనను తాను వెతుక్కున్నాడు. సోఫా మధ్యలో చూశాడు, సోఫా వెనక చూశాడు, చివరికి ఫ్రేము వెనక అట్ట కూడా చూశాడు. "అయ్యా, తీసెయ్యమన్నది కెమెరాతో!" అని కేకేశాడు.

నవ్వండిగారికి సంగతి అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట మీదే బతికి, చివరికి ఆ మాట మీదే కాలు జారారు.

బావమరిది అప్పటికే ఫోను అందుకున్నాడు. "బావా, నన్ను తీసేశాడు!"

"మంచిది. ఎలా వచ్చావు?"

"రాలేదు బావా!"

"స్టూడియోకి వెళ్ళావుగా?"

"వెళ్ళాను! వెళ్ళినా రాలేదు!"

అవతల ఆయనకి ముక్క అర్థం కాలేదు. భార్యను వెంటబెట్టుకుని వస్తున్నానన్నారు. ఈలోగా నవ్వండిగారు బావమరిదిని గబగబా ఫోటో తీసి, మళ్ళీ సోఫాలో కూర్చోబెట్టబోయారు. ఆలుమగల మధ్య మనిషి కాదు గదా, దువ్వెన దూరే సందు లేదు. చివర కూర్చోబెడితే సగం మనిషి గాలిలో తేలాడు.

ఆలుమగలు వచ్చారు. ఓనరుగారి భార్య ఫ్రేము చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. గది ఖాళీ చేసేటప్పుడు లైట్లు ముందు విప్పాలా, గోడకున్న తెర ముందు విప్పాలా అని నవ్వండిగారు ఆలోచిస్తున్నారు.

"ఇది నేనేనా?" అంది ఆవిడ.

"మీరేనండీ. భుజం దగ్గర కొంచెం..."

"ఈ భుజం నాకు పెళ్ళినాటిది," అని ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "మనిద్దరం ఒకరి పక్కన ఒకరం ఉన్న ఫోటో ఇంట్లో ఒక్కటుందా? పెళ్ళి ఫోటోలో కూడా వీడే నోరు తెరుచుకుని మధ్యలో నిలబడ్డాడు."

"అప్పుడు నాకు ఆరేళ్ళక్కా!" అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడు లేవుగా!" ఆవిడ నవ్వండిగారికేసి చూసింది. "పాత ఆల్బమ్ తెస్తాను. అన్నీ ఇలాగే చేసిపెట్టండి. మీరు ఈ గదిలోంచి కదలడానికి వీల్లేదు."

"మరి నా కొట్టు?"

"మన మెట్ల కింద గదిలో పెట్టుకో. అందరూ చెప్పులు విడిచేది అక్కడేగా!"

"అది కాదే, ఈ గది వాడికిస్తానని మాటిచ్చాను," అంటూ ఓనరుగారు ఫ్రేము లాక్కుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. "ఏమయ్యా, ఇందులో నా ఎడమ చెవేది?"

"అది మీ బావమరిదిగారి తల వెనక ఉండిపోయిందండీ."

"రెండూ ఉన్నప్పుడు నా మాట ఏం విన్నారు గనక?" అంది భార్య. "ఇప్పుడు ఆ ఒక్కదానితోనైనా వినండి."

ఓనరుగారు విన్నారు.