బొగ్గుగది తలుపు

నారిన్ కొండల్లోని ఆ బడి సెప్టెంబరు పదో తేదీ ఉదయం పదకొండు గంటలకు ఆధునికమైంది. సమయం రికార్డులో ఉంది. ఆరడుగుల విద్యుత్ తెర ఒకటి వచ్చింది. గొర్రెను కోశారు. ఊరి పెద్దాయన అరచేతులు చాచి దీవించాడు, అందరూ ఆమీన్ అంటూ ముఖాలు తడుముకున్నారు. గొర్రె తల, మర్యాద ప్రకారం, తెర తెచ్చిన అధికారికి దక్కింది. తెరను ఎలా వాడాలో చెప్పే పుస్తకం కూడా ఆయనతోనే వెళ్లిపోయింది.

ప్రధానోపాధ్యాయుడు ఒరోజ్‌బెక్ ప్రసంగించారు. "నేటితో సుద్దముక్కల యుగం ముగిసింది! ఇక ప్రపంచమంతా మన పిల్లల వేలికొన కిందే!" ఆ వెంటనే, వేళ్లు తగిలితే పాడవుతుందని, తెరను ఎవరూ ముట్టరాదని ఉత్తర్వు వేశారు. పాత నల్లబల్లకూ అన్యాయం జరగలేదు. బొగ్గుగదికి తలుపు లేదు, అక్కడ తలుపుగా బిగించారు.

ఒకటో తరగతి టీచరు బురులాయ్‌కి ఒక్కటే దిగులు. మే నెలలో గొర్రెల మందలతో పాటు తన తరగతిలోని ఐజర్కిన్ అనే పిల్ల కుటుంబం మేతకు పైకొండలకు వెళ్లిపోతుంది. ఆలోగా ఆ పిల్లకు చదవడం రావాలి. రాకుండా వెళ్లిన వాళ్లన్న మళ్లీ బడి మొహం చూడలేదు.

తెర రోజూ వెలిగేది. వెలిగి ఒకే ముక్క చూపేది: "అనుసంధానం లేదు. కాసేపాగి ప్రయత్నించండి." సిగ్నల్ బడి వెనక గుట్ట మీద ఉండేది. పాఠం జరుగుతున్నదని పాఠం జరిగే వేళలోనే ఫోనులో నమోదు చేయాలని నిబంధన. కాబట్టి బురులాయ్ రోజూ పాఠం ఆపి, గుట్టెక్కి, పాఠం జరుగుతున్నదని నమోదు చేసి వచ్చేది.

"మంచు పడితే ఎలా, అగాయ్?" అని పెద్దసారును అడిగిందొకసారి.

"గుర్రమెక్కి వెళ్లమ్మా. ఆధునిక విద్యకు గుర్రం పనికిరాదని ఏ ఉత్తర్వులో ఉంది?" అన్నారు ఒరోజ్‌బెక్.

గుట్ట దారి బొగ్గుగది పక్కనుంచే. బురులాయ్ కోటు జేబులో పాత యుగపు సుద్దముక్కలు ఇంకా ఉన్నాయి. దిగివస్తూ ఆ తలుపు మీద రోజుకో అక్షరం, తర్వాత రోజుకో మాట రాసింది. పొయ్యికి బొగ్గు తెచ్చే వంతు పిల్లలది. చదివితేనే బకెట్ నింపుకోవాలి. ఐజర్కిన్ తన వంతు కాని రోజు కూడా బొగ్గు తెచ్చింది. ఆ చలికాలం బడి ఎన్నడూ లేనంత వెచ్చగా ఉంది.

మే మొదటి వారంలో తనిఖీకి ఇన్‌స్పెక్టరమ్మ కంచాయిమ్ వచ్చారు.

"ఏదీ, చదువు పాపా!" అన్నారు ఐజర్కిన్‌ని లేపి.

"ఏది చదవను, ఎజే? తెర మీదిదా, బొగ్గుగదిదా?"

"బొగ్గుగదేమిటే! తెర మీదిదే."

"అనుసంధానం లేదు. కాసేపాగి ప్రయత్నించండి." ఐజర్కిన్ ఎక్కడా తడుముకోలేదు.

ఇన్‌స్పెక్టర్ కళ్లు చెమర్చాయి. "చూశారా! ఎనిమిది నెలల్లో తెర చేసిన పని!"

నివేదికలో బడికి నూటికి నూరు పడ్డాయి. ఒక్క లోపం రాశారు: బొగ్గుగది తలుపు మీది పిచ్చిరాతలు తక్షణం తుడిపించవలెను.

బురులాయ్ తడిగుడ్డతో తానే తుడిచింది. ఐజర్కిన్ బకెట్ పట్టుకుని పరుగున వచ్చింది.

"అయ్యో, ఎజే, రేపటి మాట ఇంకా చదవనేలేదు!"

బురులాయ్ జేబులోని సుద్దముక్కలన్నీ ఆ చిన్న చేతిలో పోసింది. "పైకొండల్లో మీ గుడారానికి చెక్క తలుపేగా? రేపటి మాట నువ్వే రాయి."

ఆ వారమే మందలు కొండెక్కాయి. నివేదిక రాజధానికి దిగింది. తెర చదువు నేర్పిందని అక్కడ అందరూ చదివారు. చదువుకున్నవాళ్లు గనక నమ్మారు.