మంత్రిగారి బొమ్మతో నాలుగు సెల్లు

పెనుకొండ కార్యకర్తల సమావేశంలో మంత్రి ఉలిగప్పగారు చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో ఇకమీదట ఏ ఇంట్లోనూ గోడ గడియారం ఆగదట. ఇంటింటికీ రీచార్జి చేసుకునే పెన్సిల్ సెల్లు నాలుగేసి ఉచితమట. ప్రపంచం మొత్తం ఈ మూడూళ్ల వైపు తల తిప్పి చూస్తుందని ఆయన చెయ్యెత్తి అంటుండగా, రెండో చేతిలోని కార్డ్‌లెస్ మైకు చచ్చిపోయింది.

ముందు వరుసలోని కార్యకర్త ఈరన్న ఒక్క ఉదుటున స్టేజీ ఎక్కాడు. మైకు మూత విప్పి, రెండు సెల్లూ బయటికి లాగి, ఒక్కోదాన్ని దవడ పళ్ల మధ్య పెట్టి కటుక్కున కొరికి మళ్లీ లోపల పెట్టాడు. మైకు లేచి కూర్చుంది. మంత్రిగారు ఇంకో తొమ్మిది నిమిషాలు మాట్లాడారు. కొరికితే ఒక పూట, మిద్దె మీద ఎండబెడితే ఇంకో పూట నడుస్తాయి. ఈ విద్య ఆ చుట్టుపక్కల పాలపళ్లు ఊడని పిల్లలకు కూడా వచ్చు. అయినా మంత్రిగారి కళ్లకు ఈరన్న ఆ క్షణంలో శాస్త్రవేత్తలా కనిపించాడు.

"ఏమప్పా ఈరన్నా, సెల్లు సంగతి నీకు బాగా తెలిసినట్లుండాదే! ఏవి కొనల్లో నువ్వే తేల్చు. ఎంపిక కమిటీకి నువ్వే చైర్మన్."

"కమిటీలో ఇంకెవరెవరు ఉండారన్నా?"

"ఎవరూ లేరు. అందుకే పని తొందరగా అయితాది. సక్కంగా చేసినావంటే మార్కెట్ యార్డు డైరెక్టరు పదవి నీదే."

ఈరన్న పదకొండేళ్లుగా జెండాలు మోశాడు, శాలువాలు అందించాడు, ఎక్కడ చప్పట్లు కొట్టాలో జనానికి ముందు వరుసలోంచి సైగ చేశాడు. ఆ పదవి కోసమే. సెల్లు గురించి తనకు తెలిసిందల్లా వాటి రుచి ఒక్కటే అని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సర్వే హిందూపురంలో లక్ష్మక్క ఇంట్లో మొదలయింది.

"అక్కా, మీ ఇంట్లో సెల్లుతో నడిచేటివి ఏమేం ఉండాయి?"

"గడియారం, టీవీ రిమోటు, బీపీ మిషను. ఎందుకప్పా, వాటికీ పన్నేస్తాండారా?"

రిమోటు విప్పితే లోపల చిటికెన వేలంత సన్నవి ఉన్నాయి. గడియారంలో లావువి. రెండూ వేరని చైర్మన్‌కు అక్కడే తెలిసింది. లక్ష్మక్కకు ముందే తెలుసు. సిగ్గుపడుతూ బజారులో జయప్రకాష్ ఎలక్ట్రికల్ అంగడికి పోయాడు.

"అన్నా, చెప్తా రాసుకో," అన్నాడు జయప్రకాష్. "రిమోటుకు ట్రిపుల్ ఏ. నీ లావు సెల్లు, డబుల్ ఏ, దాంట్లో పట్టదు. గడియారానికి మామూలు సెల్లే ఏడాది వస్తాది, రీచార్జివి దండగ. బీపీ మిషనుకు, మైకుకు, పిల్లోళ్ల బొమ్మలకు పనికొస్తాయి. సెల్లులో పట్టే కరెంటు కొలత రెండువేల ఎంఏహెచ్ ఉంటే చాలు. అంతకు నాలుగింతలు రాసుంటే ఉత్త అబద్ధం. చార్జరు ఉండల్ల. ఇంకోటి, లావు చూసుకో. రవ్వంత లావున్నా గూట్లోకి దూరదు."

ఈరన్న రెండు పేజీల రిపోర్టు రాశాడు. జన్మలో మొదటిసారి తాను చెప్పేది తనకు అర్థమయింది. ఆ సంతోషం మంత్రిగారు రిపోర్టు తెరిచేదాకా ఉంది.

"రెండువేలా? నవ్వుతారప్పా! మా బామ్మర్ది దగ్గర తొమ్మిదివేల తొమ్మిదొందలవి ఉండాయి."

"అన్నా, ఆ నంబరు ఉత్తదంట."

"మన మేనిఫెస్టోలో నంబర్లు మనం ఎంచి రాసినామా? ఇంకో మాట. ఒక్కో సెల్లు చుట్టూ నా ఫోటో అంటించల్ల."

"గూట్లో పెట్టినాక యాడ కనపడతాదన్నా?"

"తీసినప్పుడు కనపడతాదిలే."

"చార్జరు?"

"అది రెండో విడత."

ఫోటో అంటిస్తే లావవుతుంది, లావయితే పట్టదు అని చెప్పడానికి ఈరన్న నోరు తెరిచాడు. మార్కెట్ యార్డులో తన పేరు రాసిన కుర్చీ కళ్లముందు మెదిలింది.

"బ్రహ్మాండంగా ఉంటాదన్నా," అన్నాడు.

సరుకు వచ్చింది. ఇంట్లో భార్య సిద్ధమ్మ బీపీ మిషను ముందేసుకుని కొత్త సెల్లుతో కుస్తీ పడుతోంది.

"ఏమయ్యా, మంత్రి పట్టడంల్యా."

"గట్టిగా తొయ్యి."

"ఆయప్ప మొగం గీకేస్తే పడతాది."

"గీకితే నా పదవి గీకినట్లే. ఆ ఎండబెట్టిన పాతవి తెచ్చెయ్."

పాతవి వేసి తనది చూసుకుంటే బీపీ నూట డెబ్బై ఉంది. మిషను బాగానే పనిచేస్తోందని ఈరన్న తృప్తిపడ్డాడు.

సెల్లు పంపిణీ ప్రారంభోత్సవం ధర్మవరంలో. మైకులో కూడా తన సెల్లే ఉండాలని మంత్రిగారి పట్టుదల. ఈరన్న వాటిని మైకులో పెట్టి, చెప్పు మడమతో కొట్టి మరీ దిగ్గొట్టాడు. పాత సెల్లు రెండు జేబులో వేసుకున్నాడు, ఎందుకైనా మంచిదని.

"ధర్మవరం సోదర సోదరీమణులారా" దాకా వచ్చి మైకు ఆగిపోయింది.

ఎవరో శాలువా కప్పుతున్న సందులో ఈరన్న మైకు లాక్కున్నాడు. గోటితో పెరికాడు, తాళంచెవితో పొడిచాడు. ఫోటో జిగురు కరుచుకుని సెల్లు కదల్లేదు. కొరుకుదామంటే బయటికి రావాలి కదా! ఇంతలో మంత్రిగారు మైకు గుంజుకుని ప్రసంగం అందుకున్నారు.

నలభై నిమిషాలు మాట్లాడారు. చెయ్యెత్తారు, పిడికిలి బిగించారు, ఒకచోట కళ్లు తుడుచుకున్నారు. స్పీకర్లలోంచి ఒక్క ముక్క రాలేదు. ఎవరి గొంతు వారికి గట్టిగానే వినిపిస్తుంది కాబట్టి మంత్రిగారికి అనుమానం రాలేదు.  అయిపోయింది, పదకొండేళ్లూ బూడిదలో పోసినట్లే అనుకున్నాడు ఈరన్న. ఏంచేయాలో తోచక, అలవాటు కొద్దీ, ఆయన చెయ్యెత్తిన చోటల్లా చప్పట్లకు సైగ చేశాడు. జనం కూడా అలవాటు కొద్దీ కొట్టారు. కళ్లు తుడుచుకున్న చోట ఇద్దరు ముసలమ్మలు ఏడ్చారు కూడా.

మంత్రిగారు స్టేజీ దిగి నేరుగా ఈరన్న దగ్గరికొచ్చారు. ఈరన్న చేతులు కట్టుకుని తల వంచాడు.

"చూసినావా ఈరన్నా? ఒక్కడన్నా మధ్యలో లేచిపోయినాడా?"

"లేదన్నా."

"ఎదురు ప్రశ్న ఏసినాడా?"

"యాడిదన్నా!"

మంత్రిగారు ఈరన్న భుజం తట్టారు. "డైరెక్టరు పదవి నీదే పో. ఇంకమీద మన మీటింగులన్నిటికీ ఈ సెల్లే పెట్టు."