పిల్లల గొంతుల ఆపెరా

శనివారం ఉదయం సామ్రాజ్యం టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి తెనాలిలో హాలు నిండాలి, పన్నెండింటికల్లా హెడ్మాస్టరు బసవేశ్వరరావు నోరు మూతపడాలి. సంగీతం పీరియడ్ తీసేసి లెక్కలకు ఇచ్చేస్తానని ఆయన జూన్ నుంచీ బెదిరిస్తున్నారు. "రెండొందల మంది వచ్చి కూర్చుంటే పీరియడ్ మీదేనండి. లేదంటే సోమవారం నుంచి ఎక్కాలు చెప్పుకోండి" అని తేల్చేశారు. పాతికేళ్ళుగా స్వరాలు నేర్పిన మనిషికి ఎక్కాలంటే ప్రాణం పోయినంత పని.

అందుకే ఆవిడ ఆర్నెల్లు తంటాలు పడి ఓ నాటకం కట్టింది. మొదట్నుంచీ చివరిదాకా పాటలే. కాలవకు ఇటొక వీధి, అటొక వీధి. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. చివరికి పిల్లలు ఒకరి బట్టలు ఒకరు వేసుకుని, ఒకరి పాట ఒకరు పాడి పెద్దవాళ్ళను కలుపుతారు. రేపల్లె నుంచి ఉర్దూ మాట్లాడే పిల్లలు ఇరవై మంది, బాపట్ల నుంచి సండేస్కూలు పిల్లలు ఇరవై మంది. సంగీత నాటకమంటే తెనాలిలో ఎవరూ వింతగా చూడరని దానికి ఆపెరా అని పేరు పెట్టింది. ఆ పేరే కొంప ముంచింది.

ముందురోజు మధ్యాహ్నం రైల్లోంచి ఆవిడ మైకు ఆటో నన్నే సాహెబ్‌కు ఫోను చేసింది. "రాసుకోండి. పిల్లల గొంతులతో ఆపెరా. రేపు పదకొండింటికి. ఉచితం. అన్ని మతాలవాళ్ళూ రావచ్చు."

"ఏంటమ్మా? గొంతుకి ఆపరేషనా?"

రైలు అప్పుడే వంతెన ఎక్కింది. ఆ చప్పుడులో ఆవిడకు "ఆప" దాకానే వినిపించింది. "ఆఁ, అదేనండి. బాపట్ల, రేపల్లెలో కూడా చెప్పించండి."

"మూడూళ్ళూ నాకొదిలెయ్యండమ్మా. అక్కడ మా బావమరుదులున్నారు."

మర్నాడు పిల్లలు తొలి బండికి తెనాలి బయల్దేరి వెళ్ళాక మూడు ఊళ్ళలో మూడు ఆటోలు గొంతు విప్పాయి. "తల్లిదండ్రులకు మనవి! పిల్లల గొంతుల ఆపరేషన్! పూర్తిగా ఉచితం! కులమత భేదం లేదు!"

రేపల్లెలో ఆఫ్రీన్ నానమ్మ కరీమాబీ వడకడుతున్న టీ వదిలేసి కోడలి దగ్గరికి పరిగెత్తింది. "షాహీన్, మన పిల్లని తెనాలి ఎందుకు తీసుకెళ్ళారు?"

"పాటలకి అత్తయ్యా."

"పాటలకైతే పెరుగు తినొద్దని, ఐసు ముట్టొద్దని, టిఫిన్ చెయ్యకుండా రమ్మని ఎందుకన్నారు?"

షాహీన్‌కు బళ్ళో ఇచ్చిన కాగితం గుర్తొచ్చి ముచ్చెమటలు పోశాయి. ఏదైనా జరిగితే బాధ్యత మాదేనని రాసి ఉన్నచోట సంతకం పెట్టింది మరి.

అదే కాగితం మీద బాపట్లలో బ్లెస్సీ తండ్రి బర్నబాస్ కూడా సంతకం పెట్టాడు. ఆయన ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు. "డాక్టరెవరయ్యా?"

"సామ్రాజ్యం గారంటండి."

"ఆవిడ పాటల టీచరు కదా!"

"ఏమోనండి. నలభై మందికి ఒకేసారి చేసేస్తారంట."

బర్నబాస్ చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషన్‌కు పరుగు తీశాడు.

పదిన్నరకే తెనాలి హాలు ముందు వరస వీధి చివరిదాకా పోయింది. అందరి చేతుల్లో దిండ్లు, ఫ్లాస్కులు. ఆదాము అనే ఆసామి కొడుకును దుప్పట్లో చుట్టి మరీ తెచ్చాడు. హెడ్మాస్టరుకు మతి పోయింది. "పాటలకి దిండ్లేంటండీ?"

"తీరిగ్గా విందామని సార్" అంది సామ్రాజ్యం టీచరు. ఆ జనాన్ని చూసి ఆవిడకు ఆనందం ఆగలేదు, కళ్ళు తుడుచుకుంది. హాలు నిండగానే తలుపులు మూయించి ఆట మొదలుపెట్టింది.

కరీమాబీ, బర్నబాస్ చెరో ఆటో దిగి ఆ తలుపుల దగ్గరికి చేరేసరికి నాటకం చివరి రంగంలో ఉంది. లోపల్నుంచి బ్లెస్సీ తారస్థాయిలో ఎత్తుకున్న రాగం ఈటెలా వచ్చి తగిలింది.

"అయ్యయ్యో! మత్తు కూడా ఇవ్వలేదండీ!" అన్నాడు బర్నబాస్.

"చూస్తావేంటి బాబూ, తొయ్యి!" అంది కరీమాబీ.

ఇద్దరూ కలిసి ఒక్క తోపు తోశారు. గడియ ఊడి తలుపు తెరుచుకుంది. వాళ్ళు జనాన్ని దాటుకుంటూ స్టేజీ ఎక్కేశారు. దూది గడ్డాలు పెట్టుకుని పెద్దల వేషంలో రావలసిన ఇద్దరు పిల్లలు అసలు పెద్దలు రావడం చూసి పక్కకు తప్పుకున్నారు. కరీమాబీ ఆకుపచ్చ దుపట్టా కప్పుకున్న పిల్లను వాటేసుకుంది. బర్నబాస్ తెల్ల గౌనులో ఉన్న పిల్లను ఎత్తుకున్నాడు.

"ఆపెరా అంకుల్, ఆపెరా!" అంది గౌనులో ఉన్న ఆఫ్రీన్.

"ఆపడానికే వచ్చానమ్మా! నోరు తెరువు, కోశారా?"

అప్పుడు మొహం చూసి తెల్లబోయాడు. అటు దుపట్టా కింద బ్లెస్సీని చూసిన కరీమాబీ కూడా ఒక్క క్షణం ఆగింది. కానీ పిల్లను మాత్రం వదల్లేదు. "ఎవరి పిల్లవైతే ఏంటి తల్లీ, నొప్పిగా ఉందా?" అంటూ ఏడ్చేసింది. బర్నబాస్ కూడా ఆఫ్రీన్‌ను గుండెకు హత్తుకుని వెక్కాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. డాక్టరు ఆలస్యమైతే అయిందిలెమ్మని ఆదాము కూడా కొట్టాడు.

హెడ్మాస్టరు ముక్కు తుడుచుకుంటూ వచ్చారు. "ఆ పెద్దవాళ్ళిద్దర్నీ ఎక్కడ పట్టారండీ? అది నటనంటే!"

అప్పటికి ఆ ఇద్దరి మాటలు పిల్లల నోట విని జరిగింది తెలుసుకున్న సామ్రాజ్యం టీచరు నిజం చెప్పడానికి నోరు తెరిచింది. పదమూడో ఎక్కం గుర్తొచ్చింది. "చాలా వెతికాం సార్" అంది.

"పీరియడ్ మీదే. వచ్చే వారం బాపట్లలో, ఆపై వారం రేపల్లెలో వెయ్యండి. కానీ వాళ్ళిద్దరూ ఉండాలి. వాళ్ళు లేకపోతే మాత్రం ఎక్కాలే."

ఆవిడ వాళ్ళను వెతుక్కుంటూ బయల్దేరింది. బయట మెట్ల మీద పిల్లలకు ఇడ్లీలు తినిపిస్తున్న ఆ ఇద్దరి ముందూ చేతులు కట్టుకుని నిలబడి, జరిగిన పొరపాటు చెప్పి, క్షమించమని అడిగి, తిట్లకు సిద్ధపడి హెడ్మాస్టరు షరతు బయటపెట్టింది.

కరీమాబీ ఇంకో ఇడ్లీ తుంచింది. "వస్తాలే గానీ, అందరికీ పాటలున్నాయి, నాకేదమ్మా?"

"పిన్నిగారికి పెడితే నాకూ పెట్టాలండి. మాది మూడు తరాలుగా చర్చిలో పాడే క్వయర్ కుటుంబం" అన్నాడు బర్నబాస్.

ఆ సాయంత్రమే సామ్రాజ్యం టీచరు ఇద్దరికీ చెరో పాట కట్టింది, సెకన్లతో సహా సమానంగా.